ఇంట్లో నెట్టు నిలిచిపోతే ఎక్కడెక్కడ చూడాలి?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కల్లూరులో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కూడినప్పుడు 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకోవడం ఆనవాయితీ. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు తేల్చింది. దాని గురించి నాకంటే చక్కగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు కనుక నేను ఆ జోలికి పోను. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం చిన్నది. ఇంట్లో వైఫై డబ్బా పనిచేయకపోతే మనంతట మనం ఏమేం చూసుకోవచ్చు అన్నది.

“డి.ఏ. బకాయిల గురించి చెప్పక ఇదేం సబ్జెక్టప్పా” అని వెనక వరుసలో ఎవరో అన్నట్టు వినపడింది. నిజమే. అయితే ఆ బకాయి ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలన్నా ఆ డబ్బా వెలగాల కదా!

నేను ఇంజనీరును కాను. తాలూకా కచ్చేరిలో ఎల్.డి. గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండలాఫీసులో పనిచేసి, 58 ఏళ్ళకు దిగిపోయిన వాణ్ణి. ఫైలు ఎక్కడ ఆగిందో వెతకడం తప్ప వేరే విద్య నాకు రాదు. కాని ఈ డబ్బా విషయంలో అక్కరకొచ్చేది ఆ విద్యేనని మనవి చేయడానికే నిలబడ్డాను.

ముందుగా మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పేరు చెప్పను, ఆమె అనుమతితోనే చెబుతున్నాను. భర్త పోయి మూడేళ్ళయింది, ఫ్యామిలీ పెన్షను మీద ఒక్కతే ఉంటుంది. కూతురు బెంగళూరులో ఉద్యోగం. రోజూ రాత్రి తొమ్మిది గంటలకు వీడియోలో తల్లిని చూసి, మందులు వేసుకున్నావా అని అడిగి పడుకుంటుంది. ఒకసారి ఇంటికి సున్నం కొట్టించాక ఆ పిలుపు తెగిపోవడం మొదలయింది. అమ్మ మొహం కనిపించడం, రెండు మాటలు, అంతలో బొమ్మ ఆగిపోవడం. తొమ్మిది రోజులు అట్లే. కూతురేమో తల్లి ఏదో జబ్బు దాస్తూ కావాలనే పెట్టేస్తోందని భయపడింది. తల్లేమో, ఒంటరిదాన్ని రోజూ పలకరించలేక కూతురికి విసుగొచ్చిందని కుమిలిపోయింది. ఒకరిని ఒకరు అడగలేదు. చూడడానికి వచ్చిన అబ్బాయి ఒకడు డబ్బా పాడయింది, కొత్తదానికి మూడున్నర వేలు అన్నాడు. ఆమె పెన్షనులో మూడున్నర వేలంటే ఎంతో ఇక్కడున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

నేను వెళ్ళి దీపాలు చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. “ఏమమ్మా, ఆగిపోయేటప్పుడు నువ్వేమన్నా గమనించినావా?” అని అడిగాను. “గమనించినా సార్. పాప మొహం కనపడతానే డబ్బాలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్ళీ ఒకటొకటే వెలుగుతాయి. నేనేమన్నా మా ఇంటికి దిష్టి తగిలిందేమో అనుకుంటాండా” అంది. అంతే, కేసు తేలిపోయింది. సున్నం కొట్టేటప్పుడు టీవీ బాక్సుది, వైఫై డబ్బాది రెండు కరెంటు అడాప్టర్లూ పీకి, తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేశారు. రెండింటి మూతీ ఒకటే, రెండూ 12 వోల్టులే. అయితే సన్న అక్షరాలు చదివితే ఒకదాని మీద 1.5 ఆంపియరు, ఇంకోదాని మీద 0.5 ఆంపియరు అని ఉంది. చిన్నదాన్ని వైఫై డబ్బాకు పెట్టారు. ఊరికే ఉన్నంతసేపు అది నెట్టుకొస్తుంది. వీడియో మొదలై డబ్బా గట్టిగా పనిచేయాల్సి వచ్చేసరికి చాలక పడిపోతుంది. ఆ పెద్ద అడాప్టరుతో టీవీ బాక్సు హాయిగా నడుస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రెండూ మార్చి పెట్టాం. పైసా ఖర్చు కాలేదు. ఆ రాత్రి తల్లీకూతుళ్ళు పదకొండు దాకా మాట్లాడుకున్నారట.

అడాప్టరు విషయంలో గుర్తుంచుకోవలసింది ఇదే. వోల్టులు డబ్బా మీద రాసినంతే ఉండాలి, ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. ఆంపియర్లు అంతే ఉండవచ్చు, ఎక్కువ ఉన్నా ఇబ్బంది లేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. ఇంటికి పోగానే ఏ అడాప్టరు దేనిదో ఒక చిన్న కాగితం మీద రాసి అంటించండి. పంచాంగం చూసుకోనక్కరలేదు, ఈరోజే అంటించండి.

ఇక దారి సంగతి. ఫైలు వెతకాలంటే అది నడిచే దారి తెలియాలి కదా. 1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు మొదలైనప్పుడు అది టెలిఫోను తీగ మీదే వచ్చేది. మోడెం కీచుమని అరిచి అరిచి కలిసేది, అది కలిసినంతసేపు ఇంట్లో ఫోను మోగేది కాదు. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చు అన్నారు. 2023 వచ్చేసరికి ఆ కనీస మట్టాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. ఇప్పుడు చాలా ఇళ్ళకు వచ్చేది రాగి తీగ కాదు, గాజు పోగు. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడూ అన్నది అప్పటి మాట. రోడ్లన్నీ తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఆ వైరు లాగారు. తక్కిన కంపెనీలవాళ్ళవీ చాలావరకు స్తంభాల మీద, మిద్దెల మీద వేలాడుతూనే వస్తాయి. అందుకే గడ్డి లోడు ఎత్తుగా వేసుకుని లారీ ఒకటి వీధిలో దూరిందంటే నాలుగు ఇళ్ళకు నెట్టు పోతుంది. కోతులు చేసేది వేరే.

ఆ పోగు తల వెంట్రుకంత ఉంటుంది. అందులో వెలుతురు నడిచే నడిమి భాగం మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో తొమ్మిది భాగాలంత. వెలుతురు గాజులో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఒక పోగులో వచ్చిన వెలుతురును వీధిలో ఒక చిన్న పెట్టెలో 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. ఆ పంచే పెట్టెకు కరెంటే అక్కరలేదు. అక్కణ్ణుంచి మన ఇంటి గోడకు, గోడ నుంచి డబ్బాకు, డబ్బా నుంచి గాలిలో మన ఫోనుకు. వెలుతురును మనకు పనికొచ్చే రూపంలోకి మార్చేది మోడెం. దాన్ని ఇంట్లో నలుగురి ఫోన్లకూ పంచేది రూటరు. ఈ రెండు పనులనూ ఇప్పుడు చాలా ఇళ్ళలో ఒకే డబ్బా చేస్తోంది.

కాబట్టి నెట్టు ఆగితే డబ్బా మీద చెయ్యి వేయకముందే పక్కింటివారిని అడగండి. మీ కంపెనీదే వాడుతూ వాళ్ళకూ లేకపోతే తప్పు వీధిలో ఉంది, మీరు కుర్చీలో కూర్చోవచ్చు. వాళ్ళకు ఉండి మీకు లేకపోతే అప్పుడు లేవండి.

దీపాల దగ్గర కొంచెం నిదానంగా చెబుతాను, ఇదే ముఖ్యం. మొదటిది పవర్ దీపం. అది వెలగకపోతే స్విచ్చి, ప్లగ్గు, అడాప్టరు. ఇంకో ప్లగ్గులో పెట్టి చూడండి. మా అనుభవంలో నాలుగింట ఒకటి ఇక్కడే తేలిపోతుంది, ఎవరో ఇస్త్రీ పెట్టెకోసం ప్లగ్గు పీకి ఉంటారు. రెండోది ఎల్.ఓ.ఎస్. అని మూడక్షరాలు రాసి ఉండే దీపం. అందరూ పొరబడేది దీని దగ్గరే. మిగతా దీపాలు వెలిగితే మంచిది, ఇది ఆరి ఉంటేనే మంచిది. ఎర్రగా మిణుకు మిణుకుమంటే బయటినుంచి వెలుతురు డబ్బాదాకా రావడం లేదని అర్థం. అప్పుడు డబ్బా వెనక గుచ్చిన పసుప్పచ్చ వైరు, దాని కొసన ఉండే ఆకుపచ్చ బిళ్ళ వదులయ్యాయా చూడండి. మంచం కోడు కింద, తలుపు సందులో వైరు నలిగిందా, మేకుకు గట్టిగా చుట్టారా చూడండి. గాజు పోగును గాజు పోగులాగే చూడాలి. మడత పడితే విరగకపోయినా, వంకర దగ్గర వెలుతురు బయటికి కారిపోతుంది. అరచెయ్యంత వెడల్పు చుట్ట చుట్టి వదిలేస్తే దానికి సుఖం. ఇంకొక్క మాట, ఆ బిళ్ళ ఊడదీసి లోపల వెలుగుతోందా అని కన్ను పెట్టి చూడకండి. ఆ వెలుతురు మన కంటికి కనపడే రకం కాదు, కాని కంటికి మంచిది కాదు. శుక్లాల ఆపరేషనుకు పోసిన డబ్బు చాలు.

వైరు బాగానే ఉండి ఎల్.ఓ.ఎస్. ఎర్రగానే ఉందంటే తెగింది బయట. అది మన పని కాదు, ఫిర్యాదు చేయండి.

మూడోది పి.ఓ.ఎన్. అనే దీపం. నిలకడగా వెలగాలి. ఆగి ఆగి వెలుగుతోందంటే వెలుతురు వస్తోంది గాని అవతలి ఆఫీసు మన డబ్బాను ఇంకా గుర్తుపట్టలేదు. తపాలు అందింది, ఇన్వర్డు నంబరు పడలేదు అనుకోండి. డబ్బా ఆపి వేశాక రెండు మూడు నిమిషాలు ఇట్లా ఉండటం మామూలే. పావుగంటైనా నిలకడకు రాకపోతే ఫోను చేయాలి. పి.ఓ.ఎన్. నిలకడగా ఉండి ఇంటర్నెట్ అని రాసిన దీపం ఎర్రగా గాని ఆరి గాని ఉంటే, అది ఎక్కువసార్లు ఖాతా తాలూకు గొడవ. బిల్లు గడువు దాటి ఉంటుంది, లేదా యూజరు పేరు, పాస్‌వర్డు డబ్బాలోంచి చెరిగిపోయి ఉంటాయి. ఆఖరుది వైఫై దీపం. అదొక్కటే ఆరి ఉంటే డబ్బా పక్కన చిన్న మీట ఉంటుంది, దుమ్ము తుడిచేటప్పుడు నొక్కుకుపోయి ఉంటుంది, మళ్ళీ నొక్కండి. దీపాలన్నీ సరిగ్గా ఉండి ఒక్క ఫోనులో రాకపోతే తప్పు ఆ ఫోనుది. ఏరోప్లేను గుర్తు వెలిగిందా చూసి, ఆ నెట్‌వర్కును మరచిపొమ్మని చెప్పి పాస్‌వర్డు మళ్ళీ కొట్టాలి.

మనలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు, అక్షరాలైతే చీమ తలకాయంత. అందుకని ఫోనుతో డబ్బాను ఫోటో తీసి వేళ్ళతో పెద్దది చేసి చూడండి. అర్థం కాకపోతే ఆ ఫోటోనే మనవడికి పంపండి. ఫోనులో సిమ్ము నెట్టు దానికి సరిపోతుంది.

ఆపి వేయడం గురించి. స్విచ్చి కట్టేసి, గుండెల మీద చెయ్యి వేసుకుని ఒక నిమిషం ఆగి, మళ్ళీ వేయండి. వేసిన తర్వాత ఐదు నిమిషాలు దాని జోలికి పోకండి. మనవాళ్ళకు ఓపిక తక్కువ, పది సార్లు టపాటపా కొడతారు. దీనికీ, డబ్బా వెనక సూదిపట్టే బెజ్జంలో ఉండే రీసెట్టుకూ పోలికే లేదు. ఆ బెజ్జంలో పిన్నీసు గుచ్చి పట్టుకుంటే డబ్బాలో కంపెనీవాళ్ళు రాసిపెట్టిన వివరాలన్నీ చెరిగిపోయి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు కూర్చుంటుంది. అటెండరు బీరువా సర్దమంటే రికార్డు రూము తగలబెట్టినట్టు. సెలవలకు వచ్చిన పిల్లలకు ఆ బెజ్జమంటే మహా ఇష్టం. దాని మీద ప్లాస్టరు ముక్క అతికించండి.

మన ఇళ్ళ గురించి కూడా చెప్పాలి. ఈ డబ్బాలు తయారుచేసినవాడు కర్నూలు జిల్లా ఇళ్ళు చూసి ఉండడు. మన పాత ఇళ్ళవి మూరెడు మందం రాతి గోడలు. వైఫై అలలు చెక్క తలుపును లెక్కచేయవు, రాతి గోడను దాటేసరికి సగం చచ్చిపోతాయి, రెండు గోడలు దాటితే అసలుండవు. ఇనుప బీరువా, బియ్యం పోసే స్టీలు డ్రమ్ము, నిలువుటద్దం, నీళ్ళ తొట్టి, ఇవన్నీ అడ్డమే. మనవాళ్ళు డబ్బాను ఎక్కడ పెడతారు? టీవీ వెనక, బీరువా మీద, మూలన. పడక గదిలో రాదని కంపెనీని తిడతారు. ఇంటి నడుమ, ఛాతీ ఎత్తులో, ఎదురుగా తలుపు తెరిచి ఉండేచోట పెట్టి చూడండి. కొత్త డబ్బాలు రెండు పేర్లు చూపిస్తాయి. ఒకటి 2.4, రెండోది 5. ఐదు అన్నది వేగం ఎక్కువ, గోడ దాటదు. 2.4 నిదానం, కాని దూరం పోతుంది. డబ్బా ఉన్న గదిలో ఉంటే ఐదు, మిద్దె మీద గాలికి పడుకుంటే 2.4. వేగం మాట వచ్చింది కాబట్టి, బిల్లులో రాసేది మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40 అని రాసి ఉంటే సినిమా దిగేటప్పుడు సెకనుకు 5 మెగాబైట్లే కనబడుతుంది. మోసం కాదు, లెక్క.

ఇంకా ఎండ. మే నెలలో మన ఊరి ఎండ మీకు తెలుసు. డబ్బా లోపల వేడి బయటికి పోవడానికే దాని ఒంటినిండా సందులు పెట్టారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ముచ్చటపడి దానికొక అల్లిక గుడ్డ కప్పుతారు. టీవీకి కప్పారు, మిక్సీకి కప్పారు, ఊరుకున్నాం. దీనికి మాత్రం వద్దని మా ఇంట్లో చెప్పడానికి నాకు రెండు వేసవులు పట్టింది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఆగి ఆగి వచ్చే నెట్టు సాయంత్రానికి దానంతటదే బాగుపడితే వేడిని అనుమానించండి.

ఫిర్యాదు. ఇక్కడ మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు గాని, రిటైరయ్యాక ఎందుకో అందరూ మరచిపోయారు. లైను చూసే అబ్బాయికి ఫోను చేసి “వస్తా సార్” అనిపించుకుని ఊరుకుంటారు. అది నోటిమాట, రికార్డు కాదు. కంపెనీ ఫిర్యాదు నంబరుకు చేసి డాకెట్ నంబరు అడిగి తీసుకోవాలి. 2012లో టెలికం నియంత్రణ సంస్థ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఆ నంబరు ఇచ్చి తీరాలి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పిలేటు అధికారి ఉంటాడు. ఆయనకు అప్పీలు చేసుకోవడానికి రుసుము లేదు. తేదీ, వేళ, నంబరు, ఎవరు పలికారు, ఏమన్నారు. పర్సనల్ రిజిస్టరు రాసిన చేతులు మనవి, ఐదు గళ్ళు గీయలేమా!

ఆ పుస్తకంలోనే మొదటి పేజీలో కస్టమరు నంబరు, యూజరు పేరు, బిల్లు తేదీ, కంపెనీ ఫిర్యాదు నంబరు, అడాప్టరు వోల్టులు, ఆంపియర్లు రాసిపెట్టండి. డబ్బాకు సర్వీసు రిజిస్టరు అనుకోండి. రాసి బీరువాలో దాచకుండా మీ ఇంటావిడకు చూపించండి. నేను చూసిన ఇళ్ళలో ఈ వివరాలన్నీ ఆయన తలకాయలో ఉండేవి. ఆయన పోయారు, అవీ పోయాయి. ఫ్యామిలీ పెన్షను కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్న సమయంలోనే బిల్లు గడువు దాటి నెట్టు ఆగుతుంది. అది ఏ నంబరు మీద, ఏ పేరు మీద ఉందో ఆమెకు తెలియదు. కనెక్షను ఆయన పేరున ఉంటుంది, ఓ.టి.పి. ఆయన ఫోనుకు పోతుంది, ఆ ఫోను సిమ్ము ఆగిపోయి ఉంటుంది. పైన చెప్పిన అమ్మ విషయంలో ఇది కూడా జరిగింది. ఆ కనెక్షను ఆమె పేరుకు మార్చడానికి మాకు రెండు నెలలు పట్టింది. లైఫ్ సర్టిఫికెట్టుకు జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చింది. 2021 నవంబరు నుంచి ఫోనులో ముఖం చూపించి కూడా చేసుకునే వీలు కలిగింది. వేలి గీతలు అరిగిపోయిన మన వయసువారికి అది మేలు. కాని ఆ పని జరగడానికి ఇంట్లో నెట్టు ఉండాలి, అది నడిపే మనిషికి దాని గుట్టు తెలియాలి.

దొంగల సంగతి చెప్పి ముగిస్తాను. “మీ నెట్టు ఈ రాత్రికి ఆగిపోతుంది, ఈ యాప్ దించుకోండి, మేం ఇక్కణ్ణుంచే బాగుచేస్తాం” అని ఫోను వస్తే పెట్టేయండి. ఆ యాప్ దించుకుంటే మీ ఫోను తెర వాడికి కనపడుతుంది, మీరు బ్యాంకు నంబరు కొట్టేటప్పుడు వాడు చూస్తుంటాడు. గాజు పోగు తెగితే ఏ యాప్‌తోనూ అతకదు, నిచ్చెన వేసుకుని మనిషి రావాల్సిందే. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు చేయండి, సిగ్గుపడి రేపటికి వాయిదా వేయకండి. డబ్బా కింద అచ్చువేసి ఉన్న వైఫై పాస్‌వర్డును కూడా మార్పించి, కొత్తది ఆ పుస్తకంలోనే రాసుకోండి.

రాగి తీగ మీద నడిచే పాత మోడెం ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే వారు నన్ను విడిగా కలవండి. వానొస్తే బరబరమని పోయే ఆ జబ్బు వేరు, మందు వేరు.

పక్క గదిలో బల్ల మీద పనిచేసే డబ్బా ఒకటి, అడాప్టర్లు రెండు, ఒక ముక్క గాజు వైరు పెట్టాను. భోజనాలయ్యాక వచ్చి మీ చేతులతోనే పీకి, పెట్టి, దీపాలు చూసుకోవచ్చు. కళ్ళజోళ్ళు తెచ్చుకోండి. అమ్మలను ముందు రానివ్వండి.